దిగినోడిదే టీ

మేము గోడలు కడుగుతాం. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు కాస్త ఆగి, "అంటే పెయింటింగా?" అంటారు. కాదు. పెయింటింగ్‌కి ముందు మేం, పెయింట్ వేయించే స్తోమత లేనప్పుడు పెయింట్‌కి బదులు మేం. కాశీబుగ్గలో బోర్డులు రాసే ఒకతను నా బండి వెనక "ఎక్స్‌టీరియర్ క్లీనింగ్ కాంట్రాక్టర్" అని అందంగా రాసిపెట్టాడు గానీ ఆ పేరుతో నన్నెవరూ పిలిచిన పాపాన పోలేదు. "ఆ గోడలు కడిగే అతనికి ఫోన్ చెయ్" అంటారు. మా అమ్మ బతికున్నన్నాళ్లూ చుట్టాలతో "మా వాడు కాంట్రాక్టరు" అని అక్కడితో ఆపేసేది. దేని కాంట్రాక్టరని ఎవరైనా అడిగితే ఆవిడకి వంటింట్లో పని గుర్తొచ్చేది.

మేం ముగ్గురం. గోడ మీదకి నీళ్లు కొట్టే మోటారు ఎవరిది వాళ్లదే, ఎవరి బేరం వాళ్లది. పెద్ద భవనం తగిలితే మాత్రం కలిసి చేస్తాం. మేం మావ అని పిలిచే పెద్దాయనది బారువ. ఒకప్పుడు తెప్ప మీద వేటకి వెళ్లినవాడు. సముద్రం మానేసి గోడలెక్కాడు. అతను వేసిన ముడి అతను తప్ప ఎవడూ విప్పలేడు. బావది టెక్కలి. నోరున్నవాడు, పని ఇచ్చే పార్టీతో బేరమాడాలంటే అతనే. నాది కవిటి పక్కన పల్లె. మాకు చుట్టరికమేమీ లేదు. మా వైపు రెండుసార్లు కలిసి టీ తాగితే ఎవరో ఒకరు మావో బావో అయిపోతారు, అంతే.

పొద్దున్నే కాశీబుగ్గలో ఒక టీ కొట్టు దగ్గర కలిసేవాళ్లం. మా కబుర్లన్నీ గోడల గురించే. ఎవరింటి గోడకి ఏం పట్టింది, దేనికి లొంగింది, దేనికి లొంగలేదు. పలాసలో జీడి బట్టీల పక్కనుండే ఇళ్లకి ఒకలాంటి మసి పడుతుంది. చేత్తో రాస్తే జిగటగా వేలికి అంటుకుంటుంది. బావ ఒకసారి దానికి ఏసిడ్ కొట్టానని గొప్పగా చెప్పాడు.

"జీడి పొగ మసికి ఏసిడ్ కొట్టినావేటి బావా? గోడ పోద్ది గాని మసి పోదు" అన్నాన్నేను.

"మరేటి సెయ్యమంతావు?"

"ఏడి నీల్లల్లో సాకలి సోడా ఏసి కొట్టు. జిడ్డు కాదేటది, ఏడికే లొంగుతాది."

"అవునవును. మీ ఆవిడ ఏడికి నువ్వు లొంగినట్టు" అన్నాడు బావ. మావ టీ పొలమారేలా నవ్వాడు.

బారువ వైపు ఉప్పుగాలి తిన్న గోడల సంగతి మావకే తెలుసు. "ఆ గోడ ముసిలోడి ఒల్లు లాంటిదిరా. గట్టిగా రుద్దితే సర్మం ఊడొచ్చేత్తాది. నీల్లు మెల్లగా వొదులు" అనేవాడు. కవిటి చుట్టూ ఉండే మా ఉద్దానం ఇళ్ల సంగతి నాది. కొబ్బరి నీడలో ఏ గోడా ఎండ మొహం చూడదు. చవితి వచ్చేసరికి నాచు పట్టి గోడ కూడా ఒక చెట్టులా అయిపోతుంది. పార్టీలేమో వీధి వైపు గోడ ఒక్కటే కడగమంటారు. పెరటి గోడ ఎవడు చూస్తాడట. పైన పటారం లోన లొటారం అన్న సామెతని మా వృత్తివాడే ఎవడో పుట్టించి ఉండాలి.

ఇక మా రూలు గురించి చెప్పాలి. తాడుకి చెక్క పీట కట్టి మేడ మీంచి దిగుతూ కడుగుతాం. ఆ పీటని మేం ఊయల అంటాం. ఊయల ఎక్కినవాడు తన చేతికందే వెడల్పులో పైనుంచి కిందకి ఒక పట్టీ కడగాలి. మొదలెట్టిన పట్టీని నేల దాకా ఆపకూడదు. సగంలో ఆపితే సోడా నురగా మసీ కలిసి అక్కడే ఎండిపోతాయి, గోడకి అడ్డంగా చార పడుతుంది. ఆ చార మళ్లీ కడిగినా పోదు. గోడంతా మల్లెపూవులా ఉన్నా పార్టీ కన్ను దాని మీదే పడుతుంది. అందుకని సగంలో దిగినవాడి పట్టీని ఎండకముందే పక్కవాడు అందుకుంటాడు, దిగినవాడు ఆ రోజు అందరికీ టీ ఇప్పించాలి. దిగినోడిదే టీ. టీ పెద్ద విషయం కాదు, ఆ టీ తాగినంతసేపూ పడాల్సిన మాటలే విషయం. సగంలో దిగడానికి ఇంకేం కారణం ఉంటుంది, ఒంటేలుకే కదా.

"ఏటల్లుడా, గోడ కడగమంటే గోడ పక్కన కడుగుతన్నావేటి?" అని మావ మొదలెట్టేవాడు.

"మోటారు లీకవుతన్నాది మావా, వాసరు పోయినట్టున్నాది" అని బావ అందుకునేవాడు.

ఆ మాటలు పడలేక మేం పొద్దున టీ తాగాక మళ్లీ చుక్క నీళ్లు ముట్టేవాళ్లం కాదు. రోజంతా నీళ్లలోనే తడిసి, నీళ్లే పీల్చి, నీళ్ల చప్పుడే విని, నాలుక పిడచకట్టుకుపోయి సాయంత్రం దిగేవాళ్లం. దిగాక కొళాయి కింద నోరు పెట్టి తాగే తాగుడు పశువు తాగుడే. దాంట్లో మాకో గర్వం. ఎండాకాలం అంతా ఒక్కసారి కూడా దిగని మావని చూసి నేనూ బావా ఈర్ష్యపడేవాళ్లం. సాయంత్రం భుజం నొప్పికి ఒక బిళ్ల, పొద్దున్న మళ్లీ ఊయల. అదే బతుకు, అది బాగానే ఉండేది.

నాకు కిడ్నీ జబ్బు ఉందని తెలిసింది వేరే దేనికో రక్తపరీక్ష చేయిస్తే. మా పల్లెలో క్రియాటినిన్ అన్న మాట పలకలేని ముసలమ్మ లేదు. వానెంత పడిందని అడిగినట్టు "నీకెంతున్నాది?" అని అడుగుతారు. మా వీధిలో కిడ్నీ జబ్బు లేని గడపలు వెతుక్కోవాలి. అది ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. నీళ్లంటారు, నేలంటారు, పురుగుమందులంటారు. నీళ్లు తాగకపోవడం వల్లే నాకొచ్చిందని ఏ డాక్టరూ అనలేదు. తాడు మొహం చూడని మా వదినకీ వచ్చింది మరి. కానీ డాక్టరు చెప్పిన మొదటి మాట మాత్రం, "నొప్పి బిళ్లలు మానెయ్యండి. నీళ్లు బాగా తాగండి" అని. నాకు నవ్వొచ్చింది. ఆయనకి మా రూలు తెలియదు కదా.

మా ఆవిడ ఏడవలేదు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి, ఎప్పుడో ఒకప్పుడు మా ఇంటికీ వస్తుందని కాచుకుని ఉన్నట్టుంది. మర్నాటి నుంచి కూరలో ఉప్పు తగ్గించేసింది, పని సంచిలో పెద్ద నీళ్ల సీసా పెట్టింది. "ఆల్లకి సెప్పేయ్" అంది. నేను చెప్పలేదు. తాడెక్కేవాడికి జబ్బుందని తెలిస్తే తాడు ఇవ్వరు. అది సగం కారణం. మిగతా సగం ఏమిటంటే, మా ఊళ్లో జబ్బు వచ్చిందని తెలిసిన మనిషితో జనం ఎలా మాట్లాడతారో నాకు తెలుసు. గొంతు తగ్గిస్తారు. మంచంలో పసిబిడ్డ పడుకున్నట్టు మాట్లాడతారు. మావ నోటా బావ నోటా ఆ గొంతు వినడం నాకిష్టం లేదు.

అలా సీసాతో తాడెక్కడం మొదలైంది. తాగిన నీళ్లు ఊరుకుంటాయా? రోజుకొకసారైనా దిగేవాణ్ణి. దిగిన ప్రతిసారీ టీ నాదే. ఇక బావకి పండగే.

"ఈ కొట్టు ఆడి పేరున రాయించేద్దుం మావా. దినం ఈడే ఇత్తన్నాడు కదా" అనేవాడు.

"ఒద్దురా. వాసరు మారిపిత్తే సాల్దా?" అనేవాడు మావ.

నిజం చెబుతున్నాను, ఆ మాటలు పడుతున్న రోజుల్లో నాకు జబ్బు ఉన్నట్టే అనిపించలేదు. ఇంటి దగ్గర నేను రోగిని. టీ కొట్టు దగ్గర లీకయ్యే మోటారుని. ఇంతకన్నా మంచి మందు ఏ డాక్టరూ రాయలేదు నాకు.

తర్వాత టెక్కలిలో హైవే పక్కన ఒక కల్యాణ మండపం పని దొరికింది. మూడంతస్తులది. పెళ్లిళ్లు మొదలయ్యేలోగా కడగాలి. ఆ రోజు నేను చెప్పులతో వెళ్లాను. బూట్లు పట్టలేదు, పాదాలు బుసబుసా పొంగి ఉన్నాయి. మేడ మీద మావ నాకు నడుం బెల్టు బిగిస్తున్నాడు. బిగిస్తూ బిగిస్తూ ఆగాడు. వంగి, నా కాలి ముందు ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీశాడు. అక్కడ గుంట పడింది. పిండి ముద్ద మీద పడ్డట్టు పడి, అలాగే ఉండిపోయింది. మేమిద్దరం ఆ గుంట వైపు చూస్తూ నిలబడ్డాం. మావ తమ్ముడు ఈ జబ్బుతోనే పోయాడు. ఆఖరి రోజుల్లో అతని కాళ్లు పట్టింది మావే. అతనికి నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

అతను బెల్టు బిగించి పక్క తాడు దగ్గరకి వెళ్లాడు. ఏమీ జరగనట్టే ఇద్దరం ఊయలలెక్కాం. రెండో అంతస్తు దాకా కడిగేసరికి కళ్ల ముందు గోడ అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. ఊగేది నేనో గోడో తెలియలేదు. పట్టీ సగంలో ఉండగానే దిగిపోయాను. పైనుంచి ఒక్క వాసరు మాట కూడా రాలేదు. అప్పుడే నాకు భయం వేసింది.

రోడ్డు దాటి టీ కొట్టుకి వెళ్లి మూడు టీలు చెప్పి జేబులో చెయ్యి పెట్టాను. కొట్టతను నా భుజం మీంచి వెనక్కి చూసి, "ఒద్దండి, మీ మావగోరు ఇత్తన్నారు" అన్నాడు. వెనక్కి తిరిగితే మావా బావా నా వెనకే వచ్చి నిలబడి ఉన్నారు. ఎండాకాలం అంతా ఒక్కసారి కూడా దిగని మావ, పట్టీ వదిలేసి, నురగ గోడ మీద ఎండిపోతుంటే వదిలేసి, నా వెనక దిగి వచ్చేశాడు.

"దిగింది నాను. టీ నాది" అన్నాను.

"ఎవుడిత్తే ఏటిలే అల్లుడా. కూకో, ముందు కూకో" అన్నాడు మావ.

ఆ గొంతు. నేను వినకూడదనుకున్న గొంతు అదే. నాకు ఒళ్లు మండిపోయింది. గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టాను, టీ ఒలికింది. "నాను సచ్చిపోనానేటి? నా టీ ఇంకోడెవుడో ఇవ్వడానికి?" అని రోడ్డంతా వినబడేలా అరిచాను. బావ నా వైపు చూడలేదు. ఒలికిన టీని తన తువ్వాలుతో తుడిచాడు. నోరున్నవాడు నోరు మూసుకుంటే ఎంత కష్టంగా ఉంటుందో ఆ రోజే చూశాను.

ఆ మండపం గోడ మీద రెండో అంతస్తు దగ్గర చార పడింది. తర్వాత ఎంత కడిగినా పోలేదు. ఇప్పటికీ బస్సులో ఆ దారిన వెళ్తే కనిపిస్తుంది. నేను ఆ వైపు కిటికీ దగ్గర కూర్చోను.

ఆ తర్వాత నన్ను కిందే ఉంచారు. "మోటారు నువ్వు సూసుకో బావా, నీకన్నా బాగా ఎవుడు సూత్తాడు" అని బావ చాలా మర్యాదగా చెప్పాడు. మర్యాద! మా మధ్య ఎప్పుడైనా ఉండి ఏడిస్తే కదా ఆ వస్తువు. పైపు తిన్నగా ఉందో లేదో చూడటం, డ్రమ్ములో నీళ్లు అయిపోకుండా చూడటం నా పని. పొద్దున టీ కొట్టుకి వెళ్తే కబుర్లు ఉండేవి గానీ, నేను రాగానే వానలో పొయ్యిలా చప్పబడిపోయేవి. వర్షం వస్తుందా, కొబ్బరి ధర ఎలా ఉంది, ఇలాంటివి మాట్లాడేవారు. ఊళ్లో పరామర్శకి వచ్చినవాళ్లు మాట్లాడే మాటలవి. టీ ఎప్పుడూ ఎవరో ఇచ్చేసి ఉండేవారు.

ఒకరోజు సోంపేట వైపు ఒక ఇంటికి పని చేస్తున్నాం. డ్రమ్ములో నీళ్లు అడుగంటితే మోటారు ఆపాను. పైన వాళ్లిద్దరూ మోటారు చప్పుడుకి అలవాటుపడి అరుస్తూ మాట్లాడుకుంటున్నారు. బావ ఏదో చెప్పాడు, పెరటి గోడ గురించో పార్టీ పెళ్లాం గురించో. మావ పాత మావలాగే పగలబడి నవ్వాడు. కిందున్న నేను కూడా, ఆ మాట సరిగా వినబడకపోయినా, నవ్వేశాను. అంతలో చప్పుడు ఆగిందని మావకి తెలిసింది. నవ్వు టక్కున ఆపి, "ఉండ్రా, ఆడి ముందర నవ్వకు. ఆడి పానం సివుక్కుమంతాది" అన్నాడు.

నా ప్రాణం చివుక్కుమన్నది అప్పుడు. డ్రమ్ము నింపడానికి పైపు పట్టుకుని ఆ ఇంటి పెరట్లోకి వెళ్లిపోయాను. అక్కడ గోడ నిండా నాచు. దాని వైపు తిరిగి నిలబడి ఏడ్చాను. జబ్బు వచ్చిందని తెలిసినప్పుడు రాని ఏడుపు అది.

చలికాలం వచ్చేసరికి డాక్టరు మాట మార్చాడు. ఇక నీళ్లు కొలిచి తాగాలట. దాహం వేస్తే నోరు తడుపుకోవాలట. ఇన్నేళ్లూ నీళ్ల మధ్య ఊగుతూ నీళ్లు తాగనివాణ్ణి, కొన్నాళ్లు తాగమన్నారని తాగాను, ఇప్పుడు మళ్లీ వద్దంటున్నారు. వారంలో కొన్ని రోజులు పలాస ఆసుపత్రికి వచ్చి మిషను మీద పడుకోవాలన్నారు. అక్కడి నర్సమ్మ నా భయం చూసి, "ఏం లేదండీ, రక్తాన్ని బయటికి తీసి, కడిగి, మళ్లీ లోపలికి పంపిస్తాం" అంది.

ఆ మాట పట్టుకుని నేను నేరుగా టీ కొట్టుకి వెళ్లాను. దారి పొడుగునా దాన్ని ఎలా చెప్పాలో సవరించుకుంటూ వెళ్లాను. ఇద్దరూ ఉన్నారు. "ఒరే, నాకూ ఓ కాంట్రాక్టరు దొరికినాడ్రా. నా లోపలి గోడలు కడుగుతాడట. ఈది వైపే కాదు, పెరటి వైపు కూడా" అన్నాను. అన్నాక ఆగి వాళ్ల మొహాల వైపు చూశాను. ఒకప్పుడైతే ఈ ఒక్క మాట మీద బావ పొద్దుగూకేదాకా బతికేసేవాడు. ఎవరూ నవ్వలేదు. బావ కళ్లలో నీళ్లు తిరిగాయి, లేచి బండి దగ్గరకి వెళ్లిపోయాడు. మావ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతిని విదిలించి కొట్టాలనిపించింది.

ఆసుపత్రికి వెళ్లడం మొదలెట్టే ముందు రోజు నా సామాను మూట కట్టాను. నా తాడు, నా ఊయల పీట, నడుం బెల్టు. పీట మీద నేను కూర్చునే చోట చెక్క అరిగి నున్నబడి ఉంది. ఇంట్లో ఉంచితే రోజూ చూడాలి. అమ్మితే ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు కూర్చుంటాడు. పొద్దున్నే టీ కొట్టు దగ్గరకి తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను.

"ఇంక నాను ఎక్కను. మీరే ఉంచీసుకోండి" అన్నాను.

టీ కొట్టతను కూడా గరిటె ఆపి చూశాడు. బావ పీట వైపు చూడలేక ఎటో చూస్తూ, "టీ తాగుదుం ముందు" అని జేబులో చెయ్యి పెట్టాడు. మళ్లీ అదే. ఇదిగో, ఆఖరి రోజు కూడా అదే. నేను లేచి వెళ్లిపోదామనుకున్నాను.

మావ చటుక్కున బావ చేతి మీద ఒక్కటిచ్చాడు.

"తియ్, సెయ్యి తియ్యరా. నువ్వెవుడివి ఇవ్వడానికి?"

"అదేటి మావా..."

"రూలు రూలే." మావ నా తాడు చేతిలోకి తీసుకుని ముడి చూస్తూ అన్నాడు. "దిగినోడిదే టీ. మనం ఇన్నాల్లూ సిన్న దిగుడికే ఈడి సేత టీ ఇప్పించినాం. ఇయ్యాల ఈడు మొత్తానికి దిగిపోనాడు. ఉత్తినే వొగ్గేత్తామేటి? టీతో పాటు బజ్జీలు కూడా ఈడే ఇవ్వాల."

నేను ఇక ఎప్పటికీ ఎక్కనన్న సంగతి ఇంటి దగ్గర గానీ ఆసుపత్రిలో గానీ ఎవరూ అంత సూటిగా నా మొహం మీద అనలేదు. మావ అన్నాడు. అని నా వైపు చూస్తున్నాడు, తిట్టు కోసం కాచుకుని.

"నీ మొహం మీద నాచు పట్టా" అని తిట్టాను. "పోయేవోడి దగ్గిర బజ్జీలు అడుగుతావేట్రా ముసిలోడా? సిగ్గు నేదా?"

బావ అప్పుడు తలెత్తాడు. కళ్లు తుడుచుకుంటూనే, "ఆడి వాసరు పోనాది గాని మావా, నోరు మాత్రం పోనేదు" అన్నాడు.

నేనే ఇప్పించాను. ముగ్గురికీ టీ, ఒక పొట్లం బజ్జీలు. వాళ్లిద్దరూ నిండు గ్లాసులు తాగారు. నాకు మాత్రం కొలిచి అరగ్లాసే పోయించుకున్నాను.